ఇరవై ఒకటో దినం

పత్తికొండ నుంచి మాట్లాడుతున్నాను. పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు మస్టరు రాసిన గుమాస్తాను నేను. ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎన్ని దినాల కూలి కట్టాలి అన్నదే నా బతుకంతా రాసిన రాత. ఈ పూట మీతో జీతంతో కూడిన సెలవు గురించి చెప్పాలని వచ్చాను. పొలం గట్టున రేడియో పెట్టుకున్నవారు, కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారు, బస్సు స్టీరింగు పట్టుకున్నవారు, అందరూ ఒక్క పావుగంట చెవి ఇటు పెట్టండి. ఇందులో మీ డబ్బు ఉంది.

మనలో బడి గడప తొక్కిన ప్రతివాడూ మొదట నేర్చుకున్న ఉత్తరం ఒకటుంది. సెలవు చీటీ. "జ్వరముగా ఉన్నందున బడికి రాలేకపోతున్నాను. కావున తమరు దయచేసి రెండు దినములు సెలవు ఇప్పించవలసినదిగా ప్రార్థిస్తున్నాను." జ్వరం మనది, ఒళ్లు మనది, అయినా ప్రార్థించాలి. ఏడేళ్ల వయసులో నేర్చిన ఆ వాక్యాన్నే యాభై ఏళ్లు వచ్చినా రాస్తూ ఉంటాం. పెద్దలు మాట్లాడితే "సెలవిచ్చారు" అంటాం. చుట్టం బయల్దేరేటప్పుడు "సెలవు తీసుకుంటా" అంటాడు. ఆ మాటలోనే ఇచ్చేవాడు ఒకడు పైనున్నాడు, పుచ్చుకునేవాడు ఒకడు కిందున్నాడు.

దాని పక్కనే ఇంకో మాట ఉంది. నాగా. పాలుపోసేవాడు రాకపోతే నాగా. పనిమనిషి రాకపోతే నాగా. నాగా పడితే కూలి పోతుంది, పైగా మాట పడాలి. సెలవు అంటే దయ, నాగా అంటే తప్పు. ఈ రెండు మాటలే తెలిసిన మనిషి తన హక్కు ఏమిటో అడగలేడు. అందుకని మూడో మాట చెబుతున్నాను. సర్కారు కాగితాల్లో అది ఎప్పటినుంచో ఉంది. ఆర్జిత సెలవు. ఆర్జితం అంటే సంపాదించినది. పని చేసి, చెమటోడ్చి సంపాదించుకున్న సెలవు.

ఈ మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. 1992లో ఒక బట్టల కొట్లో పనికి చేరాను. ఆ ఊరి పేరూ కొట్టు పేరూ చెప్పను. తెల్లారి తొమ్మిదికి షట్టరు ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకు దించేవాళ్లం. ఆ ఏడు ఎండాకాలంలో మా అమ్మకు కామెర్లు వచ్చి కర్నూలు పెద్దాసుపత్రిలో పెట్టాం. నాలుగు దినాలు ఆమె మంచం పక్కనే ఉన్నాను. నెల మొదట్లో జీతం కోసం పోతే యజమాని పుస్తకం తిప్పి చూపించాడు. నా పేరుకు ఎదురుగా ఎర్ర ఇంకుతో నాలుగు సార్లు 'నాగా' అని రాసి ఉంది. నాలుగు దినాల జీతం కోసేశారు. నేను తల వంచుకుని, మిగిలింది లెక్కపెట్టుకుని వచ్చేశాను. ఆనాటికే మన రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. 1988 నాటి చట్టం. కారణం సబబైనదైతే ఏడాదికి పన్నెండు దినాల దాకా జీతంతో క్యాజువల్ లీవు అని అందులో రాసి ఉంది. ఆ సంగతి నాకు చెప్పినవాడు లేడు. అడగాలని నాకు తోచనూ లేదు.

మా తాత ఒక పెద్ద రైతు దగ్గర జీతానికి ఉండేవాడు. ఉగాదికి చేరితే మళ్లీ ఉగాదిదాకా ఏడాది ఒప్పందం. ఇన్ని మూటల జొన్నలు, ఒక జత చెప్పులు, ఒక కంబళి. ఏడాదిలో జబ్బుపడి, పెళ్లికిపోయి, చావుకుపోయి పని మానిన దినాలన్నీ రైతు గుర్తుపెట్టుకునేవాడు. ఉగాది దాటాక ఆ నాగాలన్నీ పూడ్చి పెడితేగానీ లెక్క తేలేది కాదని తాత చెప్పేవాడు. జబ్బుపడినందుకు మనిషి మళ్లీ తన ఒంటితోనే అప్పు తీర్చాలన్నమాట. ఆ లెక్కలో మనిషికీ ఎద్దుకూ తేడా ఏమీ లేదు. ఎద్దుకైతే ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగు పూసి, ఆ పూట కాడి దించేవాళ్లు.

జీతంతో సెలవు అన్న ఆలోచన మన దేశంలో చాలా పాతది. కాకపోతే అది పై దొరలకే ఉండేది, వాళ్లకూ ఒక్కోసారి వేళకు అందేది కాదు. మన పత్తికొండ పేరు చరిత్ర పుస్తకాల్లో ఎక్కిన సంగతి మీకు తెలుసు. దత్త మండలాల మొదటి ప్రధాన కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో చనిపోయింది ఇక్కడే, 1827 జులై 6న, కలరాతో. ఆయన 1780లో మద్రాసులో అడుగుపెట్టారు. తిరిగి స్వదేశానికి బయల్దేరింది 1807లో. ఇరవై ఏడేళ్ల తర్వాత! గవర్నరుగా ఉన్నప్పుడు 1826లో ఆయన భార్య బిడ్డను తీసుకుని ఇంగ్లండు వెళ్లిపోయారు. తననూ పదవి నుంచి విడుదల చేయమని మన్రో పైవాళ్లను కోరారు. ఆయన స్థానంలోకి రావలసిన మనిషి ఇంకా రాలేదు. ఆ ఎదురుచూపులోనే, ఒకప్పుడు తాను పనిచేసిన ఈ సీమను చివరిసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండలో కన్నుమూశారు. ఆయన పేరిట ఇక్కడ బావి తవ్వించారు, చింతతోపు నాటించారు. ఆ బావి పక్కగా పోయినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. గవర్నరంతటి మనిషికే విశ్రాంతి వేళకు అందలేదు. మరి ఆయన గుడారాలు మోసిన కూలీల సంగతి? ఆ కలరా వాళ్లనూ వదిలి ఉండదు. వాళ్ల పేరిట బావి లేదు.

కూలివాడికి వారానికి ఒక్క దినం విశ్రాంతి దొరకడానికే ఎంత కాలం పట్టిందో చూడండి. 1881లో మొదటి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అందులో నెలకు నాలుగు సెలవులు పిల్ల కూలీలకే. పెద్దవాళ్లకు లేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే, 1890 జూన్ 10న అక్కడి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, 1891లో, వారపు సెలవు చట్టంలోకి వచ్చింది. ఏడాదికి ఇన్ని దినాలు జీతంతో సెలవు అన్నది ఇంకా యాభై ఏళ్ల తర్వాతి మాట. 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏడాదికి కనీసం ఆరు పనిదినాలు జీతంతో సెలవు ఉండాలని ఒడంబడిక చేసింది. అదే ఏడు ఫ్రాన్సులో సమ్మెలు చేసి కార్మికులు రెండు వారాలు సాధించుకున్నారు. మన దగ్గర 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసినవారు డాక్టర్ అంబేడ్కర్. ఆ కాలంలోనే, 1945లో, ఫ్యాక్టరీ కార్మికుడికి జీతంతో వార్షిక సెలవు చట్టమైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని స్థిరపరిచింది. మన రాజ్యాంగం 43వ అధికరణం కార్మికుడికి బతకడానికి చాలిన వేతనంతో పాటు తీరిక కూడా ఉండాలని చెబుతుంది. తీరిక అన్న మాట రాజ్యాంగంలో ఉంది. దాన్ని సోమరితనమని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇప్పుడు లెక్కకు వస్తాను. నెమ్మదిగా చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి.

2025 నవంబరు దాకా నడిచిన 1948 చట్టం లెక్క ఇది. క్యాలెండరు ఏడాదిలో, అంటే జనవరి నుంచి డిసెంబరు దాకా, 240 దినాలు పని చేసిన కార్మికుడికి మరుసటి ఏడు సెలవు వస్తుంది. చేసిన ప్రతి ఇరవై దినాల పనికి ఒక దినం. మళ్లీ చెబుతున్నాను, ఇరవై దినాల పనికి ఒక దినం. 240 చేస్తే పన్నెండు. 264 చేస్తే పదమూడు చిల్లర, పదమూడే. 275 చేస్తే పదమూడు ముక్కాలు. సగమూ ఆపైనా ఉన్న చిల్లరను పూర్తి దినంగా కట్టాలి కాబట్టి పద్నాలుగు. సెలవు మధ్యలో ఆదివారమో పండగో పడితే దాన్ని ఈ సెలవులో కలపకూడదు. వాడుకోని సెలవు ముప్పై దినాల దాకా మరుసటి ఏడుకు పోతుంది. అడిగినా యజమాని ఇవ్వలేదనుకోండి, అలా కాదన్న సెలవుకు ఆ ముప్పై హద్దు లేదు. నాలుగు దినాలో అంతకు మించో సెలవు మంజూరైతే ఆ దినాల జీతం సెలవుకు పోకముందే చేతిలో పెట్టాలి. ఈ చివరి మాట నేను ఎక్కడ చెప్పినా జనం కళ్లు పెద్దవి చేస్తారు. కూతురి పెళ్లికి పోయేవాడికి డబ్బు పెళ్లికి ముందు కావాలిగానీ తర్వాత ఎందుకు? చట్టం రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఈ లెక్కంతా నాకు కంఠతా వచ్చు. అయినా ఏళ్ల తరబడి ఒక పెద్ద పొరపాటు చేశాను. అది మీ ముందు ఒప్పుకోవాలి.

జిన్నింగు ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా ఆడదు. పత్తి ఉన్నన్నాళ్లే ఆడుతుంది. కార్తీకం నాటికి మొదలై ఎండలు ముదిరేదాకా, సుమారు నవంబరు నుంచి ఏప్రిల్. గేటు బయట పత్తి బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. లోపల గాలి నిండా దూది ధూళి. ఆడవాళ్లు నోటికీ ముక్కుకూ కొంగు బిగించి కట్టుకుని, కనురెప్పల మీద తెల్లటి నూగుతో వరసగా కూర్చుని పత్తి అందిస్తుంటారు. సాయంత్రం గేటు దాటేటప్పుడు ఒకరినొకరు దులుపుకుంటారు. సీజనులో వాళ్లు పని చేసేది నూట యాభై, నూట అరవై దినాలు. రెండు వందల నలభై ఎక్కడ, నూట యాభై ఎక్కడ! సెలవు జీతం గురించి ఎవరైనా అడిగితే నేను పుస్తకం మూసి, "మీకు రెండు వందల నలభై నిండవమ్మా, రాదు" అనేవాణ్ణి. మనసులో ఏ మోసమూ లేదు. చట్టంలో మొదటి పేరా చదివి అక్కడే ఆగిపోయాను.

ఒక వానాకాలం, ఫ్యాక్టరీ మూతపడి ఉన్న రోజుల్లో, తీరిక దొరికి ఆ చట్టంలో సెలవుల సంగతి చెప్పే 79వ సెక్షను మొదటినుంచి చివరిదాకా చదివాను. మూడో ఉపవిభాగం దగ్గర చెయ్యి ఆగింది. కార్మికుణ్ణి పనిలోంచి తీసేసినా, అతనే మానుకున్నా, చనిపోయినా, ఆ ఏడు చేసిన పనికి అదే ఇరవైకి ఒకటి లెక్కన సెలవు జీతం కట్టి ఇవ్వాలి. 240 దినాలు నిండకపోయినా సరే ఇవ్వాలి. తీసేసినప్పుడూ మానుకున్నప్పుడూ రెండో పనిదినం ముగిసేలోగా ఇవ్వాలి. చనిపోతే రెండు నెలల్లోగా వారసులకు చేరాలి. ఏడాది మధ్యలో చేరినవాడికి ఇంకో దారి కూడా ఉంది. చేరిన తేదీ నుంచి డిసెంబరు ఆఖరుదాకా ఉన్న దినాల్లో మూడింట రెండు వంతులు పని చేస్తే అతనికీ సెలవు వస్తుంది.

కాగితం తీసి లెక్క కట్టాను. నవంబరు, డిసెంబరు కలిపి 61 దినాలు. ఆదివారాలు పోను 52 దినాల పని. రెండున్నర దాటింది కాబట్టి మూడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా 103 దినాల పని. అంటే అయిదు. మొత్తం ఎనిమిది దినాల కూలి. సీజను ముగిసి లెక్క తేల్చి పంపేటప్పుడు ప్రతి ఒక్కరికీ కట్టవలసిన డబ్బు అది. రోజుకూలి 400 రూపాయలనుకుంటే మనిషికి 3,200. నేను పుస్తకం మూసి "రాదు" అన్న ప్రతి ఏడూ ఆ డబ్బు వాళ్లది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి సీజను చివర లెక్క కాగితం, చట్టం పుస్తకం రెండూ యజమాని ముందు పెట్టాను. మొదట కాదన్నాడు. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెక్కడిదని కోప్పడ్డాడు. ఇన్‌స్పెక్టరు అడిగితే నేను రాసిన మస్టరే సాక్ష్యం అవుతుందని చెప్పాను. రెండు దినాలు ఆలోచించి ఇచ్చాడు. ఆ మాట కూడా చెప్పాలి, ఇచ్చాడు.

డబ్బు పంచే పూట ఒక పెద్దమ్మ ముందుకు వచ్చింది. పత్తికొండ పక్క పల్లె. మిషను దగ్గర పదిహేను సీజన్లు చేసిన మనిషి. నోట్లు చేత్తో పట్టుకుని, తీసుకోవాలో వద్దో తెలియనట్టు నిలబడి, "పనిచేయని దినాలకు దుడ్లెందుకిస్తారు నాయనా? ఎవరిదన్నా పొరపాటున నాకిచ్చినావేమో చూడు" అంది.

"పని చేసిన దినాలకే పెద్దమ్మా ఇది" అన్నాను. "నువ్వు ఇరవై దినాలు చేసినప్పుడల్లా ఇరవై ఒకటో దినం కూలి నీ పేరు మీద పడుతూ వచ్చింది. మేం చూసుకోలేదు. ఇప్పుడు ఇస్తున్నాం."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అట్లయితే ఇది నా దుడ్డే" అని కొంగున ముడేసుకుంది.

శ్రోతలారా, జీతంతో కూడిన సెలవు అంటే ఏమిటో ఆమెకంటే బాగా చెప్పినవారిని నేను చూడలేదు. సెలవు పద్ధతులు ఎన్ని రకాలుగా ఉన్నా, వాటి పేర్లు ఎంత పొడుగ్గా ఉన్నా, అన్నిటి వేరూ అదే. ఇరవై ఒకటో దినం నా దినమే.

ఇప్పుడు చట్టం మారింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన కోడ్‌లో 240 దినాల గడప 180కి తగ్గింది. ఇరవైకి ఒకటి అన్న లెక్క అలాగే ఉంది. ముప్పైకి మించి మిగిలిన సెలవును ఏడాది చివర డబ్బుగా అడిగి తీసుకునే వీలు వచ్చింది. ఆరేడు నెలలు పని దొరికే మన ప్రాంతానికి ఈ అరవై దినాల తగ్గింపు చాలా పెద్ద మేలు. లోగడ కొందరు 230 దినాలకు మనిషిని మాన్పించి, వారం ఆగి, కొత్త పేరుగా మస్టరులో ఎక్కించేవాళ్లు. గడప తగ్గితే ఆ ఎత్తు వేయడం కష్టం. అయినా మీ చేతిలో మీ లెక్క లేకపోతే ఏ గడప తగ్గినా ఉపయోగం లేదు.

కొట్లలో, ఆఫీసుల్లో, హోటళ్లలో పనిచేసేవారికి ఫ్యాక్టరీ లెక్క వేరు, వాళ్ల లెక్క వేరు. నేను ముందు చెప్పిన 1988 చట్టం వాళ్లది. పన్నెండు నెలల్లో 240 దినాలు చేస్తే మరుసటి పన్నెండు నెలల్లో పదిహేను దినాలు జీతంతో సెలవు. ఇది అరవై దినాల దాకా పోగవుతుంది. ఇది కాక జబ్బుకు పన్నెండు, సొంత పనులకు పన్నెండు. మూడు రకాలను మూడు డబ్బాలనుకోండి. జ్వరం వస్తే రెండో డబ్బాలోంచి తీయాలి. బిడ్డను బడిలో చేర్చాలంటే మూడో డబ్బా. మొదటిది మనసుకూ ఒంటికీ విశ్రాంతి కోసం. జ్వరానికి మొదటి డబ్బాలో చెయ్యి పెట్టే యజమాని ఉంటే అడ్డుపడండి. ఎంతమంది పనివాళ్లున్న కొట్టుకు ఏ నిబంధన అన్నది కార్మిక శాఖ సహాయ అధికారి ఆఫీసులో అడిగితే చెబుతారు. అడగడానికి రుసుము లేదు.

సర్కారు ఉద్యోగులకు ఇదంతా ఎప్పుడో కుదురుకుంది. జనవరి ఒకటిన పదిహేను, జులై ఒకటిన పదిహేను ఆర్జిత సెలవులు ముందుగానే ఖాతాలో పడతాయి. మూడు వందల దాకా పోగవుతాయి. రిటైరైన నాడు వాటిని డబ్బు చేసుకుంటారు. ఆ డబ్బుతో ఇల్లు పైకప్పు వేసుకున్నవారు, కూతురి పెళ్లి చేసినవారు మన ఊళ్లో ఎంతమందో. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది కూడా సర్కారు ఉద్యోగులయ్యారు. మన పత్తికొండ డిపోలో బస్సు నడిపే డ్రైవరు ఈ గొడుగు కిందికి వచ్చాడు. అతనిని చూసి కన్ను కుట్టకండి. అదే గొడుగు మనకూ కావాలని అడగండి.

ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారికి ఇంకో ఆసరా ఉంది. డాక్టరు పని మానమని రాసిస్తే ఏడాదికి 91 దినాల దాకా కూలిలో వందకు డెబ్బై చొప్పున ఈఎస్‌ఐ ఇస్తుంది. ఇక ఆడబిడ్డలకు చెప్పేది. 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో సెలవు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 దినాలు పనిచేసి ఉంటే చాలు. పదిమంది పనిచేసే చోటు ఏదైనా దీని కిందికి వస్తుంది. ప్రైవేటు బడిలో టీచరమ్మ ఉన్నా, నర్సమ్మ ఉన్నా ఇదే మాట. కడుపుతో ఉందని చెప్పగానే "నువ్వు మానుకో తల్లీ, బిడ్డ పుట్టాక చూద్దాం" అనే తియ్యటి మాటను వినకండి.

ఇంతదాకా చెప్పిందంతా గొడుగు కింద ఉన్నవాళ్ల సంగతి. గొడుగు బయట ఉన్నవాళ్లే మన సీమలో ఎక్కువ. తెల్లారక ముందే మన టమాటా మార్కెట్‌కు పోయి చూడండి. హమాలీలు తలకు టవలు చుట్టుకుని బాక్సులు లారీకి ఎత్తుతుంటారు. కూలి బాక్సుకు ఇంత అని. ఈ మండీవాళ్లకు అయిదారు వందల బాక్సులు, పక్క మండీవాళ్లకు ఇంకొన్ని. ఆ హమాలీకి యజమాని ఎవరు? పది మంది, అంటే ఎవరూ కాదు. నడుం పట్టేసిన నాడు అతనికి ఏ మస్టరులోనూ పేరు లేదు. దీపావళి దాటాక ఇంటికి తాళం పెట్టి, ముసలివాళ్లను వదిలి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కోతకు, పోయే కుటుంబాలదీ అదే కథ. అక్కడ బిడ్డకు జ్వరం వస్తే తల్లి కాయ కోయడం మానాలి. మానితే ఆ పూట కూలి లేదు. కూలి లేకపోతే అప్పు. మన పల్లెల్లో అప్పులు ఎక్కడినుంచి పుడతాయని అడుగుతుంటారు. వానలు లేక పుడతాయి, నిజమే. జబ్బుపడిన నాలుగు దినాలనుంచి కూడా పుడతాయి. ఇరవై ఒకటో దినం వీళ్లకూ ఉండాలి. బాక్సు కూలిలో ఇరవయ్యో వంతు పక్కన పెట్టి, మార్కెట్ యార్డు ద్వారా ఒక నిధిగా హమాలీల జబ్బు దినాలకు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. రైతు దగ్గర, వ్యాపారి దగ్గర లెక్కలు కట్టే యార్డుకు ఈ లెక్క ఒక బరువా?

సముద్రాలు దాటితే అందరికీ సుఖమే అనుకుంటాం. మా చెల్లెలి కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడ జీతంతో సెలవు ఇవ్వాలని దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు. కంపెనీ ఇచ్చింది ఇచ్చినంత. చాలా కంపెనీలు జబ్బుకూ పండగకూ అన్నిటికీ కలిపి ఒకే డబ్బా పెడతాయి. దాన్ని పీటీవో అంటారు. వాడు రెండేళ్లకొకసారి అమ్మను చూడటానికి రావాలని ఆ డబ్బాలోంచి ఒక్క దినం తీయడు. జలుబు, జ్వరం ఉన్నా పని మానడు. వీడియోలో మాట్లాడేటప్పుడు ముక్కు ఎర్రగా ఉంటే మా చెల్లెలు ఇక్కడ ఏడుస్తుంది. మన చట్టాల్లో జబ్బు డబ్బా వేరే పెట్టినవాళ్లు ఎంత దూరం చూశారో అప్పుడు తెలిసింది నాకు.

యజమానులు కూడా వింటున్నారని నాకు తెలుసు. మీ కష్టం నేను చూశాను. ఊరి దేవర వస్తే, పీర్ల పండగ వస్తే ఒకే పూట అందరూ సెలవు అడుగుతారు. లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. దానికీ దారి ఉంది. పదిహేను దినాల ముందు అర్జీ పెట్టాలని, ఏడాదిలో మూడు విడతలకు మించకూడదని పాత చట్టంలోనే ఉంది. జబ్బుకు మాత్రం ఈ గడువు లేదు. ఉగాదికి అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఏ పండగకు పోవాలో ఒక పట్టీ రాసి గోడకు అంటించండి. మా ఫ్యాక్టరీలో అలా రాసినప్పటినుంచి చెప్పకుండా మానేవాళ్లు తగ్గారు. సెలవు దొరుకుతుందని నమ్మకం ఉన్న మనిషి అబద్ధం చెప్పడు. ఇంకొకటి. అలసిపోయిన చెయ్యి మిషను రోలరు వైపు ఒక్క అంగుళం ఎక్కువ పోతుంది. ఆ అంగుళం ఖరీదు ఏ సెలవు జీతంతోనూ తీరదు. నా కళ్ల ముందు రెండు చేతులు అలా పోయాయి. రెండూ విశ్రాంతి లేకుండా వరస షిఫ్టులు చేసిన చేతులే.

పనివాళ్లకు మూడు మాటలు చెప్పి ముగిస్తాను. సెలవు నోటితో అడగకండి, కాగితం మీద అడగండి, తేదీ వేసి ఒక నకలు దాచుకోండి. కాదంటే ఆ కాదన్న మాట కూడా కాగితం మీద అడగండి. పని మానేసేటప్పుడు ఆఖరి జీతంతో పాటు "నా ఇరవై ఒకటో దినాలు ఎన్ని తేలాయి" అని అడగండి. అన్నిటికంటే ముందు, మీ లెక్క మీరు రాసుకోండి. యజమాని మస్టరు యజమానిది. మీకు మీ మస్టరు కావాలి.

చదువు రాదంటారా? ఆ పెద్దమ్మకూ రాదు. డబ్బు పంచిన మరుసటి ఏడు ఏదో పని మీద వాళ్ల పల్లెకు పోయాను. మజ్జిగ ఇస్తానని ఇంట్లోకి పిలిచింది. వాకిలి పక్క గోడ మీద సున్నంతో గీతలు. నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, వరసకు ఇరవై. వరస చివర ఒక కుంకుమ బొట్టు. కింద ఇంకో వరస, ఇంకో బొట్టు. నేను చూస్తుంటే ఆమె మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి, "ఏడు బొట్లైనాయి నాయనా. నీ పుస్తకంలో ఎన్నున్నాయో చూసి చెప్పు" అంది.

మరుసటి దినం ఫ్యాక్టరీకి పోయి పుస్తకం తీశాను. ఏడే ఉన్నాయి.